విశ్వాసం తోడుగా చెడు అలవాటును మానుకోవడం, మంచి అలవాటును నిలుపుకోవడం ఎలా?

"రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను, అయినా ఈ అలవాటు నన్ను వదలడం లేదు. నా విశ్వాసంలోనే ఏదైనా లోపం ఉందా?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఒకరు పొగ తాగడం గురించి, మరొకరు అర్ధరాత్రి దాకా ఫోను చూడటం గురించి, ఇంకొకరు ఇంట్లోవారి మీద నోరు పారేసుకోవడం గురించి అడుగుతారు; అలవాట్లు వేరైనా ప్రశ్న మాత్రం ఒక్కటే. అందుకని సమాధానాన్ని ఒకేచోట, చేయవలసిన క్రమంలో రాస్తున్నాను.

నేను గమనించినంతవరకు చాలా సందర్భాలలో లోపం విశ్వాసంలో ఉండదు. ప్రార్థన చేసే వేళ ఒకటి, అలవాటు వచ్చి పట్టుకునే వేళ మరొకటి కావడంలోనే చిక్కు ఉంది. ఉదయం ఆరింటికి, మనసు తేటగా ఉన్నప్పుడు దేవుని ముందు కూర్చుంటాం. అలవాటేమో రాత్రి పదకొండింటికి, ఒళ్ళు అలసిపోయి, ఎవరూ చూడని చోట మన మీదికి వస్తుంది. ఆ రెండింటి మధ్య పదిహేడు గంటల దూరం ఉంది. ప్రార్థనను అలవాటు జరిగే చోటికి, సరిగ్గా ఆ గడియలోకి తీసుకురావడమే ఈ పద్ధతి అంతటికీ మూలం. మీరు దేవుణ్ణి ఏ పేరుతో పిలిచినా, ఏ సంప్రదాయంలో పెరిగినా ఈ మెట్లు మీకు పనికివస్తాయి.

మనసును పట్టడం గాలిని పట్టినంత కష్టమని అర్జునుడు మొరపెట్టుకున్నప్పుడు, అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ అది సాధ్యమని కృష్ణుడు భగవద్గీత ఆరవ అధ్యాయంలో సమాధానం ఇస్తాడు. అడిగిన మరుక్షణంలో మనసు మారిపోతుందని ఆయన మాట ఇవ్వలేదు. రోజూ చేయవలసిన పనిని చూపించాడు. కింది మెట్లన్నీ అటువంటి రోజువారీ పనులే.

ముందుగా ఒక హెచ్చరిక

ప్రతిరోజూ ఎక్కువ మోతాదులో మద్యం తాగేవారు దాన్ని ఒక్కసారిగా, తమంతట తాము మానేయకూడదు. అలా మానినప్పుడు చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలై, కొందరిలో మొదటి రెండు మూడు రోజులలోనే మూర్ఛ, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చాలాకాలంగా నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు వాడుతున్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది. ఇటువంటివారు మొదట వైద్యుణ్ణి కలిసి, ఆయన చెప్పిన తీరులో మానడం మొదలుపెట్టి, ఈ పద్ధతిని దానికి తోడుగా వాడుకోవాలి. వైద్యుని దగ్గరకు వెళ్ళడం విశ్వాసం తక్కువైన పని కాదు. మందులు ఆపేసి దేవుణ్ణి మాత్రమే నమ్మమని చెప్పేవారు ఎంత పెద్దవారైనా, ఆ ఒక్క విషయంలో వారి మాట వినకండి.

కావలసినవి

జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం, ఒక పెన్ను. మీకు కంఠస్థమైన, ఒక్క ఊపిరిలో చెప్పగలిగే చిన్న ప్రార్థన. మీ రహస్యాన్ని బయటపెట్టని, మిమ్మల్ని చిన్నచూపు చూడని ఒక మనిషి. పన్నెండు వారాల కాలం.

పన్నెండు వారాలని ఎందుకన్నానంటే, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని అంతకాలం గమనించి ఫలితాలను 2010లో ప్రచురించారు. తాము ఎంచుకున్న కొత్త పనిని అప్రయత్నంగా చేసే స్థితికి రావడానికి పట్టిన కాలాన్ని లెక్కకడితే మధ్యస్థ విలువ 66 రోజులని తేలింది. అయితే మనిషిని బట్టి, పనిని బట్టి వారు కట్టిన అంచనా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. ఇరవై ఒక్క రోజులలో ఏ అలవాటైనా కుదిరిపోతుందన్న మాట నమ్మి, ఇరవై రెండవ రోజున నిరాశపడి వదిలేసినవారు ఎందరో ఉన్నారు. మీరు ఆ లెక్క పెట్టుకోకండి.

మొదటి మెట్టు: ఒక్క అలవాటును ఎంచుకొని, దానికి సరైన పేరు పెట్టండి

"నేను మంచివాణ్ణి కావాలి", "కోపం తగ్గించుకోవాలి" అన్నవి కోరికలే కానీ అలవాటు పేర్లు కావు. కంటితో చూసి లెక్కపెట్టగలిగే పనిని రాయండి. "పని నుంచి ఇంటికి రాగానే పిల్లల మీద అరవడం", "పడక మీద ఫోను చూస్తూ అర్ధరాత్రి దాటించడం", "భోజనం కాగానే సిగరెట్టు వెలిగించడం" అన్నట్లు ఉండాలి. పక్కనున్న మనిషి దాన్ని చూసి "ఇదిగో, ఇప్పుడు జరిగింది" అని చెప్పగలిగితే పేరు సరిగ్గా కుదిరినట్లే.

మూడు నాలుగు అలవాట్లను ఒకేసారి మానాలన్న ఉత్సాహం సహజంగానే కలుగుతుంది. దాన్ని అణచుకోండి. మిగతావాటిని నోటుపుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకుంటే చాలు, వాటి వంతు వస్తుంది.

రెండవ మెట్టు: ఏడు రోజులు మానకుండా, గమనించండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఈ వారం మీరు మానడానికి ప్రయత్నించవద్దు. అలవాటు జరిగిన ప్రతిసారీ ఐదు విషయాలు రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, పక్కన ఎవరున్నారు, మనసు ఎలా ఉంది, దానికి ఐదు నిమిషాల ముందు ఏం జరిగింది.

రాత్రిపూట ఫోను చూసే అలవాటుతో నేను చాలాకాలం సతమతమయ్యాను. నా మొదటి వారపు పేజీలో ఒక వరుస ఇలా ఉంది: "మంగళవారం, 11.10. మంచం మీద, గోడ వైపు తిరిగి. ఒంటరిగా. దిగులు. ముందు: రేపటి పని గుర్తొచ్చింది." ఆ వారంలో ఆరు వరుసలు ఉంటే, వాటిలో ఐదింటి చివర "రేపటి పని గుర్తొచ్చింది" అన్న మాటే కనిపించింది. అప్పటిదాకా నాది సోమరితనమని నన్ను నేను నిందించుకుంటూ, బద్ధకం పోగొట్టమని దేవుణ్ణి వేడుకుంటూ ఉండేవాడిని. ఆ పేజీ చూశాక గాని నేను వేడుకోవలసింది భయం గురించి అని తెలిసిరాలేదు. తప్పు పేరుతో చేసిన ప్రార్థన వృథా అని నేను అనను. కానీ సరైన పేరు తెలిశాక మనం చేయవలసిన పని ఏమిటో మనకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఏడవ రోజున వరుసలన్నీ చదివి, ఎక్కువసార్లు తిరిగి వచ్చిన మాట కింద గీత గీయండి. ఆ మాటే మీ అలవాటుకు తలుపు.

రాయడానికి వీలుకాని పనిలో ఉన్నవారు వేలి మీద లెక్క పెట్టుకొని, రాత్రి ఒకేసారి రాసుకోవచ్చు. వివరాలు కొంత తగ్గుతాయి గాని పని జరుగుతుంది.

మూడవ మెట్టు: తలుపుకు అడ్డం పెట్టండి

ఇది చిన్న పని, ఒక్క పూటలో ముగించండి. సిగరెట్లు ఇంట్లో ఉంచకండి, అగ్గిపెట్టెనూ తీసేయండి. ఫోనును పడకగది బయట, లేచి నాలుగు అడుగులు వేస్తే గాని అందని చోట పెట్టండి. నిద్ర లేవడానికి వేరే గడియారం వాడండి. ఏ స్నేహితునితో కూర్చుంటే అలవాటు తిరగబెడుతుందో, ఆ స్నేహితుణ్ణి కొన్నాళ్ళు వేరే చోట, వేరే వేళలో కలవండి.

"నా విశ్వాసం గట్టిదైతే ఎదురుగా ఉన్నా ముట్టను" అని సిగరెట్టు పెట్టెను బల్ల మీదే ఉంచుకొని తమను తాము పరీక్షించుకునేవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. "మమ్మల్ని శోధనలోకి తేకుము" అని రోజూ ప్రార్థిస్తూ, శోధనను తామే తెచ్చి ఎదురుగా పెట్టుకోవడం ఆ ప్రార్థనకే విరుద్ధం.

నాలుగవ మెట్టు: ఖాళీ అయిన చోట ఏం పెట్టాలో ముందే నిర్ణయించండి

మత్తయి సువార్త పన్నెండవ అధ్యాయంలో ఒక ఇంటి సంగతి ఉంది. ఒక మనిషిని వదలి వెళ్ళిన అపవిత్రాత్మ తిరిగి వచ్చి చూస్తే, ఆ ఇల్లు ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉంటుంది. అది తనకంటే చెడ్డవైన మరో ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చి అక్కడే కాపురం పెడుతుంది. ఏ మతంవారైనా అలవాట్ల విషయంలో గుర్తుంచుకోవలసిన మాట ఇది. ఊడ్చిన ఇంటిని ఖాళీగా వదలకూడదు.

కొత్త పనిని ఎంచుకునేటప్పుడు పాత అలవాటు మీకు ఏమి ఇస్తోందో చూడండి. భోజనం తరువాతి సిగరెట్టు కొందరికి పది నిమిషాల విశ్రాంతిని, ఒక్కరే బయట నిలబడే అవకాశాన్ని ఇస్తుంది. అటువంటివారు దాని స్థానంలో గ్రంథ పఠనం పెట్టుకుంటే, పఠనం మంచిదే అయినా అది ఆ ఖాళీలో ఇమడదు. బయటికి వెళ్ళి పది నిమిషాలు నడుస్తూ నామస్మరణ చేసుకుంటే ఇముడుతుంది. దిగులు వల్ల ఫోను పట్టేవారికి ఆ దిగులును కాగితం మీద పెట్టే పని కావాలి. నేను రేపటి పనులను మూడు వరుసలలో రాసి, "ఇవి నీ చేతిలో పెడుతున్నాను" అని చెప్పి పుస్తకం మూసేవాడిని. మొదటి వారం రోజులు దీపం ఆర్పగానే నా చెయ్యి దానంతట అదే దిండు పక్కకు వెళ్ళి, ఫోను ఉండే ఖాళీని తడిమేది. తరువాత ఆ చోట నోటుపుస్తకం పెట్టాను. తడిమిన చేతికి ఏదో ఒకటి తగలాలి.

కొత్త పని మరీ చిన్నదిగా, మీకే చులకనగా అనిపించేంత చిన్నదిగా ఉండాలి. మొదటి రోజే గంట ధ్యానం పెట్టుకోవద్దు, రెండు నిమిషాలు పెట్టుకోండి. కొద్దిపాటిదే అయినా ఎడతెగకుండా చేసే పని అల్లాహ్‌కు అత్యంత ఇష్టమైనదని ముహమ్మద్ ప్రవక్త మాటల సంకలనాలైన హదీసులు చెబుతాయి. ఒంట్లో బాగాలేని రోజున కూడా చేయగలిగినంత చిన్నదైతేనే ఎడతెగకుండా సాగుతుంది.

ఐదవ మెట్టు: చిన్న ప్రార్థనను ఆ గడియకు ముడివేయండి

ఇప్పుడు ఒక వాక్యం రాయాలి. అందులో "ఎప్పుడు", "ఏ మాట", "ఏ పని" అన్న మూడూ ఉండాలి. ఉదాహరణకు: "ఇంటి తలుపు గొళ్ళెం మీద చెయ్యి పెట్టగానే, 'ప్రభూ, నా నోటికి కావలి ఉండు' అని చెప్పుకొని, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కునేదాకా ఎవరితోనూ మాట్లాడను." మంచి సంకల్పం ఉన్నంత మాత్రాన పని జరగదనీ, ఎప్పుడు ఎక్కడ ఏం చేయాలో ముందే ముడివేసుకున్నవారు దాన్ని ఎక్కువగా నెరవేర్చగలుగుతారనీ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్, ఆయన సహచరులు చేసిన పరిశోధనలు చూపించాయి. ప్రార్థనకు కూడా ఆ ముడి కావాలి.

ప్రార్థనలో ఏం అడగాలన్నదీ ముఖ్యమే. "ఈ అలవాటును నా నుంచి శాశ్వతంగా తీసెయ్యి" అని ఉదయం అడగండి, తప్పులేదు. కోరిక ఒంటి మీదికి వచ్చిన గడియలో మాత్రం "ఈ పది నిమిషాలు నాతో ఉండు" అని అడగండి. కోరిక అల వంటిది. లేచి, పైకి వచ్చి, మనం దానికి లొంగినా లొంగకపోయినా సాధారణంగా కొద్ది నిమిషాలలో తగ్గుముఖం పడుతుంది. జీవితమంతా సిగరెట్టు లేకుండా ఉండాలన్న ఊహ ఎవరినైనా బెదిరిస్తుంది, పది నిమిషాలు ఉండగలగడం మాత్రం అందరికీ సాధ్యమే.

మాటకు తోడుగా శరీరాన్ని కూడా కదిలించండి. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని ముహమ్మద్ ప్రవక్త బోధించినట్లు హదీసులలో ఉంది. ఆ బోధనలోని సూక్ష్మాన్ని గమనించండి: నిలబడినవాడు చెయ్యెత్తినంత తేలికగా పడుకున్నవాడు ఎత్తలేడు. చన్నీళ్ళతో ముఖం కడుక్కోవడం, జపమాల చేతిలోకి తీసుకోవడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, గది మారడం, వీటిలో మీకు అలవాటైనది ఒకటి ప్రార్థనకు జోడించండి.

మాటలు రానివారు, ప్రార్థన ఎండిపోయినట్లు అనిపించేవారు పది శ్వాసలు లెక్కపెట్టి, ఒక్కొక్క శ్వాసతో మీ ఇష్టదైవం పేరు తలచుకుంటే చాలు.

ఆరవ మెట్టు: ఒక మనిషికి చెప్పండి

1935లో బిల్ విల్సన్ అనే అమెరికన్ వ్యాపారి పని మీద ఆక్రన్ అనే పట్టణానికి వెళ్ళి, పని చెడిపోయి, ఒంటరిగా హోటల్లో ఉండగా మళ్ళీ తాగాలన్న కోరిక ఆయనను తొందరపెట్టింది. అప్పటికి కొన్ని నెలలుగా ఆయన తాగడం లేదు. మద్యశాలకు వెళ్ళే బదులు ఆయన చర్చివారికి ఫోన్లు చేసి, తనలాగే తాగుడుతో బాధపడుతున్న మనిషి ఎవరైనా ఉంటే మాట్లాడతానని అడిగాడు. అలా పరిచయమైన డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిసి ఆయన ప్రారంభించిందే, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం. ఆనాడు ఆయన సలహా ఇచ్చే గురువును అడగలేదు, తన బాధ తెలిసిన మనిషిని అడిగాడు. మీరు కూడా అటువంటి మనిషినే వెతకండి.

వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే వేళకు ఆ మనిషితో పది నిమిషాలు మాట్లాడండి. ఎన్నిసార్లు తప్పారో అంకె చెప్పండి. "పరవాలేదు, బాగానే ఉంది" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. భర్తకో భార్యకో ఈ పని అప్పగించేటప్పుడు కొంచెం ఆలోచించండి. మీ అలవాటు వల్ల గాయపడినవారే మీకు కాపలా కూడా కాయాలంటే అది వారికి మోయలేని భారం కావచ్చు. ఎవరూ దొరకనివారు తమ మతపెద్దలలో గోప్యత పాటించే ఒకరిని గాని, మానసిక నిపుణుణ్ణి గాని ఆశ్రయించవచ్చు.

ఏడవ మెట్టు: రాత్రి లెక్క చూసుకోండి

పదహారవ శతాబ్దంలో జీవించిన స్పెయిన్ సాధువు ఇగ్నేషియస్ లొయోలా ఒక్కొక్క దోషాన్ని విడిగా పట్టుకొని సరిచేసుకోవడానికి ఒక పద్ధతి నేర్పాడు. అది నేటికీ అంతే చక్కగా పనిచేస్తుంది. ఉదయం లేవగానే ఆ ఒక్క దోషం విషయంలో జాగ్రత్తపడాలని సంకల్పించుకోవాలి. మధ్యాహ్న భోజనం తరువాత, లేచినప్పటి నుంచి గంట గంటకూ ఏం జరిగిందో తలచుకొని, తప్పిన ప్రతిసారికీ ఒక గీత మీద ఒక చుక్క పెట్టాలి. రాత్రి భోజనం తరువాత రెండవ గీత మీద మళ్ళీ అలాగే చుక్కలు పెట్టాలి. తరువాత మధ్యాహ్నపు గీతను రాత్రి గీతతో, నిన్నటి రోజును నేటి రోజుతో, గడచిన వారాన్ని ఈ వారంతో పోల్చి చూసుకోవాలి. పగలు తప్పు జరిగిన క్షణంలోనే, పక్కవారికి తెలియకుండా గుండె మీద చెయ్యి పెట్టుకొని పశ్చాత్తాపపడాలని కూడా ఆయన చెప్పాడు.

మీ నోటుపుస్తకంలో రోజుకు రెండు గీతల చొప్పున గీసుకోండి. నేను ఒక్క మార్పు సూచిస్తాను: తప్పిన దానికి చుక్క పెట్టినట్లే, కోరిక వచ్చినా దాటగలిగిన ప్రతిసారికీ చిన్న నిలువు గీత పెట్టండి. చుక్కలు మాత్రమే ఉన్న పేజీ మనిషిని కుంగదీస్తుంది. దాటిన సందర్భాలు కూడా కనిపిస్తే దేవునికి కృతజ్ఞత చెప్పడానికి రుజువు చేతిలో ఉంటుంది. లెక్క మూడు నిమిషాలకు మించకూడదు.

ఎనిమిదవ మెట్టు: తప్పినప్పుడు ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి

మీరు తప్పుతారు. ఈ మాట నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు, ఆ రోజు కోసం సిద్ధంగా ఉండమని చెబుతున్నాను. పైన చెప్పిన లండన్ పరిశోధనలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు. దెబ్బతీసేది ఆ తరువాత మనం చెప్పుకునే మాట: "ఎలాగూ ఒట్టు చెడింది, ఇంక ఈ రోజుకు ఎన్ని కాలిస్తే ఏం?" వ్యసనాలపై పనిచేసిన మనస్తత్వవేత్త అలన్ మార్లట్, ఒక్క తప్పు పూర్తి పతనంగా మారడానికి ఇటువంటి ఆలోచనే కారణమవుతుందని వివరించాడు. భక్తిపరులలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ, ఎందుకంటే వారికి తప్పుతో పాటు దేవుని ముందు ముఖం చూపించలేనన్న సిగ్గు కూడా తోడవుతుంది. ఆ సిగ్గుతో ప్రార్థన మానేస్తారు, ప్రార్థన మానడంతో అలవాటుకు దారి మరింత విశాలమవుతుంది.

కాబట్టి నోటుపుస్తకం మొదటి పేజీలో ఈ నాలుగు పనులు రాసుకోండి.

1. ఎక్కడ ఉన్నారో అక్కడే, ఒక్క వాక్యంలో దేవునికి ఒప్పుకోండి. వివరణ, సాకు వద్దు.
2. మిగిలి ఉన్నది పారేయండి. సగం కాల్చిన సిగరెట్టు ఆర్పేయండి, ఫోనును మళ్ళీ బయట పెట్టండి.
3. మీ తప్పు వల్ల ఎవరికైనా నొప్పి కలిగి ఉంటే ఆ రోజే వెళ్ళి క్షమాపణ అడగండి. పిల్లవాని మీద అరిచి దేవుణ్ణి మాత్రమే క్షమాపణ అడిగితే, పిల్లవాని లెక్క తీరదు.
4. తరువాత రావలసిన మంచి పనిని, అదే వేళకు, మామూలుగా చేయండి. శిక్షగా రెట్టింపు చేయవద్దు.

శిక్షగా ఉపవాసం చేయడం గురించి ప్రత్యేకంగా అడుగుతుంటారు. మీ సంప్రదాయంలో ఉన్న ఉపవాసాన్ని దాని రోజున, దాని నియమాలతో పాటించండి. తప్పిన కోపంతో మీ మీద మీరే విధించుకునే ఉపవాసం వద్దు. ఆకలి, నీరసం అలవాటును మరింత తేలికగా రప్పిస్తాయి. మధుమేహం ఉన్నవారికి, గర్భిణులకు అది ప్రమాదకరం కూడా.

తరచుగా జరిగే పొరపాట్లు

పెద్ద మొక్కుతో మొదలుపెట్టడం అన్నింటిలోకి పెద్ద పొరపాటు. పండుగ రోజునో పుట్టిన రోజునో ఆవేశంగా "ఇక జన్మలో ముట్టను" అని ఒట్టు వేస్తారు. పదిరోజులకు ఒట్టు తీసి గట్టున పెడతారు, తాము నిరాశలో మునిగిపోతారు. ఒట్టు వేయాలని ఉంటే వారం రోజులకు వేసి, వారం నిండాక మళ్ళీ కొత్తగా వేయండి.

రెండవది, మంచి పనిని అనుమతి పత్రంగా వాడుకోవడం. "ఈ రోజు రెండు గంటలు పూజలో కూర్చున్నాను, ఒక్కటి తాగితే ఏమవుతుంది?" అన్న ఆలోచన తెలియకుండానే వస్తుంది. ఇది గమనిస్తే దాన్ని కూడా మీ పేజీలో రాయండి. రాసిన తరువాత ఆ ఆలోచనకు బలం తగ్గుతుంది.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్న సామెతను తమకు అన్వయించుకొని ఊరుకోవడం ఇంకొకటి. అలవాటు పుట్టుకతో రాలేదు. మొదటి సిగరెట్టు ఏ రోజున తాగారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మరొక పొరపాటు సున్నిత మనస్కులలో కనిపిస్తుంది. చిన్న దోషానికి కూడా గంటల తరబడి కుమిలిపోవడం, చెప్పిన ప్రార్థన సరిగ్గా చెప్పానో లేదోనని పదే పదే మొదటి నుంచి చెప్పడం, ఎన్నిసార్లు ఒప్పుకున్నా మనసు కుదుటపడకపోవడం. ఇది ఎక్కువ భక్తికి గుర్తని పొరబడకండి. ఇటువంటివారు చుక్కల పద్ధతిని వదిలేసి మానసిక వైద్యుణ్ణి కలవాలి, ఎందుకంటే ఇది చికిత్స ఉన్న సమస్య.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి

మొదటి నాలుగు వారాలు ఫలితం కోసం మనసును తడిమి చూడకండి. మనసు రోజుకొక మాట చెబుతుంది. పేజీనే చూడండి. నాలుగవ వారం చివర, ఎనిమిదవ వారం చివర, పన్నెండవ వారం చివర మూడు విషయాలు పోల్చండి.

వారానికి చుక్కలు ఎన్ని? గమనించిన మొదటి వారంతో పోలిస్తే తగ్గాయా? పొగాకు మానేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, నిద్ర చెదరడం వంటివి మొదటి కొద్ది రోజులలో ముదిరి, తరువాతి వారాలలో క్రమంగా తగ్గుతాయి. కాబట్టి మొదటి వారం కష్టంగా ఉండటం ఓటమికి గుర్తు కాదు. భరించలేనివారు నికోటిన్ బిళ్ళల గురించి, చర్మం మీద అతికించే పట్టీల గురించి వైద్యుణ్ణి అడగవచ్చు.

తప్పిన తరువాత తిరిగి దారిలోకి రావడానికి ఎంతసేపు పట్టింది? నాకు అన్నింటికంటే నమ్మకమైన కొలత ఇది. మొదట్లో ఒక్కసారి తప్పితే వారం రోజులు పోయేది, ఇప్పుడు ఒక పూటలో తిరిగి వచ్చారంటే, చుక్కల సంఖ్య అంతగా తగ్గకపోయినా పని జరుగుతున్నట్లే.

కొత్త పని గుర్తు చేసుకోకుండానే జరిగిందా? తలుపు గొళ్ళెం పట్టుకోగానే ప్రార్థన దానంతట అదే పెదవుల మీదికి వచ్చిన రోజు తేదీ రాసి పెట్టుకోండి.

వీటికి తోడు, ఇంట్లో ఒకరిని నేరుగా అడగండి: "ఈ నెలలో నా మాట తీరులో ఏమైనా తేడా కనిపించిందా?" వారు కనిపించలేదంటే వాదించవద్దు, రాసుకోండి.

ఎనిమిది వారాలైనా చుక్కలు ఏమాత్రం తగ్గకపోతే మీ సంకల్పాన్ని తిట్టుకునే ముందు రెండవ మెట్టుకు తిరిగి వెళ్ళి, మరో ఏడు రోజులు గమనించండి. చాలాసార్లు మనం గుర్తించిన తలుపు ఒకటి, అలవాటు వస్తున్న తలుపు మరొకటి అవుతుంది. రెండవసారి గమనించినా ఫలితం లేకపోతే, లేదా అలవాటు మీ ఉద్యోగాన్ని, కుటుంబాన్ని, ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుంటే, ఇక ఒంటరిగా ప్రయత్నించకుండా వ్యసన చికిత్స తెలిసిన నిపుణుని సాయం తీసుకోండి. ప్రార్థన అప్పుడు కూడా సాగాలి. నిపుణుని గది తలుపు గొళ్ళెం మీద చెయ్యి పెట్టినప్పుడు కూడా ఆ చిన్న మాట పనికివస్తుంది.

పన్నెండు వారాల తరువాత నాలుగు వారాలు వరుసగా చుక్కలు లేకుండా గడిస్తే, రోజుకు రెండు గీతలు మానేసి వారానికి ఒక్కసారి లెక్క చూసుకోండి. ఫోనును మాత్రం తిరిగి పడకగదిలోకి తేవద్దు, అడ్డం పెట్టినవి అలాగే ఉండనివ్వండి. ఆ తరువాత నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి, అక్కడ రాసిపెట్టుకున్న రెండవ అలవాటుకు సరైన పేరు పెట్టి, దాన్ని కూడా ముందు ఏడు రోజులు మానకుండా గమనించండి.